కొమురమ్మ మాటలో నేను తీసేసిన సగం

ఒక ఆడమనిషి చెప్పిన మాటలో సగం నా దగ్గర ఉండిపోయింది. నలభై ఏళ్లు దాటింది. మొదటి సగాన్ని మైకులో పెట్టి వరంగల్ వీధులన్నీ తిప్పాను. రెండో సగాన్ని ఎవరి చెవినా పడనివ్వలేదు. ఇన్నేళ్లుగా నన్ను పీక్కు తింటున్నది ఆ రెండో సగమే.

ఇది మీకెందుకు చెబుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. మీరెవరో నేనెరగను. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. ఆమె పేరు కూడా మార్చే రాస్తున్నాను. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర బంధువులబ్బాయి ఒకడు నా పక్కన కూర్చున్నాడు. హైదరాబాదులో ప్రకటనలు రాసే ఉద్యోగమట. "ప్రకటన చదువుతుంటే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండాలంటారు, అదెలా రాయాలి, మీరు అందులో దిట్ట అని మా నాన్న చెప్పాడు, కాస్త నేర్పండి" అన్నాడు. లేచి చేయి కడుక్కుని బయటికి వచ్చేశాను. వాడు పాపం ఏమనుకున్నాడో. వాడి మీద కాదు రోత. నా మీద నాకే.

డెబ్భైల చివర్లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు. ప్రూఫులు దిద్దడం నా పని. పోనుపోను కరపత్రాలకూ మైకు రిక్షాలకూ మాటలు రాసివ్వడం కూడా నా మీదే పడింది. రిక్షాకు రెండు లౌడు స్పీకర్లు కట్టి వీధివీధీ తిప్పుతూ సరుకు గురించి చెప్పించేవారు. అప్పట్లో ఆ మైకుల భాష ఒకటే రకం. "మహాజనులారా! సువర్ణావకాశం! నేడే విచ్చేయండి!" అని అరిచేవాళ్లు. మహాజనులు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండేవాళ్లు. ఒక్కరూ తలెత్తేవారు కాదు.

నాకు చెవి ఉంది. అదే నా కొంప ముంచింది. కాదు, నా కొంప మునగలేదు. వేరేవాళ్ల కొంప మునిగింది. చూశారా, ఒప్పుకుంటాను అని కూర్చుని కూడా ముందు నా మీద నేనే జాలిపడుతున్నాను.

మేము కొత్తవాడలో మగ్గాల మధ్య అద్దెకు ఉండేవాళ్లం. మా గోడకు ఆనుకున్న ఇల్లు కొమురమ్మది. ఆమె భర్త జంపఖానాలు నేసేవాడు. ఆమె కండెలు చుట్టేది, మగ్గం మీద తెగిన పోగులు అతికేది. పోగు తెగితే కొసలు రెండూ ఎక్కడున్నాయో మామూలు కంటికి కనిపించదు. ఆమె ఇలా చూసి అలా పట్టేది. పక్క ఇళ్లవాళ్లు కూడా కష్టమైన పని వస్తే ఆమెనే పిలిచేవారు. నాకన్నా పదేళ్లు పెద్దది. నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి.

వీధి నల్లా మా ఇంటికి ఎదురుగానే ఉండేది. పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చునేవాణ్ణి. పేపరు ఒక నెపం. బిందెల దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు వింటూ చిన్న నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ చెప్పిందే మళ్లీ చెబుతారు, ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు, అన్నీ. మనుషులు నిజం చెప్పేటప్పుడు వాక్యం పూర్తి చేయరని అక్కడే కనిపెట్టాను. మధ్యలో తెంపేస్తారు, ఇంకో సంగతి అందుకుంటారు, మళ్లీ వెనక్కి వస్తారు. ఒక చీరల దుకాణానికి మొదటిసారి అలా రాశాను. ఇద్దరు తోడికోడళ్లు మాట్లాడుకున్నట్టు. దుకాణం పేరు చిట్టచివర, అదీ నోరు జారి వచ్చినట్టు. రిక్షా వెళుతుంటే జనం పని ఆపి విన్నారు. ఒకావిడ రిక్షా వెనకే నాలుగు గుమ్మాలు నడిచింది. ఆ రోజు నేను నేల మీద నడిస్తే ఒట్టు.

అంత పొగరు దేనికి? ఎవరి మాటలని? నల్లా దగ్గర ఆడవాళ్లవి. నేను చేసింది పేపరు చాటున కూర్చుని వాటిని ఏరుకోవడమే.

కొమురమ్మ మాటలే ఎక్కువ రాసుకున్నాను. ఆమె ఏం చెప్పినా కళ్లకు కట్టేది. ఒక ఎండాకాలం ఆమె కూతురికి కండ్లకలక వచ్చింది. పద్మ అనుకుందాం, అప్పటికి ఎనిమిదేళ్లుంటాయి. కొమురమ్మ పిల్లను సర్కారు దవాఖానకు తీసుకెళ్లి వచ్చింది. ఆ లైను గురించి, తను పడ్డ అవస్థ గురించి నల్లా దగ్గర చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక్క మాట పోనివ్వకుండా మొత్తం రాసుకున్నాను. నాలుగు రోజుల్లో పిల్ల కళ్లు తేటగా అయ్యాయి.

మరుసటేడు ఎండాకాలం ఊరు ఊరంతా కండ్లకలకే. అప్పుడు వచ్చాడు స్టేషను రోడ్డులో దుకాణం ఉన్న ఒక సేటు. కంటిలో వేసుకునే చుక్కలు చిన్న చిన్న సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సీసా పేరు రాయను, నాకు రాయబుద్ధి కావడం లేదు. చీరల దుకాణానికి రాసినట్టే నాక్కూడా రాసివ్వు అన్నాడు. సరుకు చూడందే రాయనని నేనొక నియమం పెట్టుకున్నాను అప్పట్లో, పెద్ద నిజాయితీపరుడిలాగా. చూపించాడు.

ఒక రేకుల షెడ్డు. ఇనప తొట్టిలో నల్లా నీళ్లు, అందులో పటిక, పైన వాసనకు ఇంత కర్పూరం. వాడేసిన పాత సీసాలను పక్కన ఇంకో బకెట్లో ముంచి తీస్తున్నారు. బకెట్లో నీళ్లు జిగురుగా, మురికిగా ఉన్నాయి, అంచున ఈగలు అంటుకుని ఉన్నాయి. సీసాలు నింపే మనిషికే జలుబు. ముక్కు చీది, చేయి లుంగీకి రుద్దుకుని, అదే బొటనవేలు సీసా మూతికి అడ్డంపెట్టి తలకిందులు చేసి చూపించాడు, సీసా ఎక్కడా పగల్లేదు, కారడం లేదు చూడండి సార్ అని. బయటికి వచ్చి ఉమ్మేశాను. సేటు నవ్వి, పటిక నీళ్లే కదా, ఎవరిని చంపుతాయి అన్నాడు.

నిజమే కదా అనుకున్నాను. అనుకోవడానికి ఎంతసేపు పట్టిందంటారా? ఆ షెడ్డు బయట సైకిలు తాళం తీసేంత సేపు.

మర్నాడే రాశాను. నోటుబుక్కు తిరగేస్తే కొమురమ్మ దవాఖాన కథ కనిపించింది. అంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి కళ్లు ఎర్రబడ్డాయి. "ఏందక్కా, దవాఖానకు పోకపోయినవా?" అని ఒకామె అడుగుతుంది. రెండో ఆమె జవాబుగా, మొదట ఒక పిలుపు తగిలించి, కొమురమ్మ మాటలు పెట్టాను, అక్షరం మార్చకుండా. "పోతె ఏమాయె చెల్లె! పొద్దటిసంది నిలవడ్డ. కాళ్లు పీకినయి గని లైను కదలలే. నా ముంగట ఇంకా ఇరవై మంది. యాష్టకొచ్చి ఇంటికి పోదామనిపిచ్చింది." అక్కడ ఆపాను. నోటుబుక్కులో ఆ తర్వాత ఇంకో మూడు ముక్కలున్నాయి. ఆమె అసలు చెప్పదలచుకున్నది ఆ మూడు ముక్కల్లోనే ఉంది. ఇంటికి పోలేదు, ఎంతసేపైనా అక్కడే ఉండి పిల్లను డాక్టరుకే చూపించింది. ఆ ముక్కల మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశాను. ప్రెస్సులో రోజూ గీసే గీతే. వాటి చోట సేటు సీసా పెట్టాను.

దవాఖానకు పొమ్మన్న మనిషి మాటతోనే దవాఖానకు పోవద్దని చెప్పించాను. ఇది తప్పని అప్పుడు తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు. ఇంకా చెప్పాలంటే, అతుకు కనపడకుండా ఎంత బాగా కుదిరిందో అని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఖిలా వరంగల్ నుంచి నాటకాలాడే ఒకామెను పిలిపించి టేపులో చెప్పించారు. "యాష్టకొచ్చి" అనేటప్పుడు ఆ విసుగంతా తెలిసేలా నిట్టూర్చాలని నేనే నేర్పాను. రిక్షా తిరగడం మొదలైన వారానికే సీసాలు చాలలేదు. నల్లా దగ్గర పిల్లలు కూడా "కాళ్లు పీకినయి గని లైను కదలలే" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. అవి తన మాటలేనని కొమురమ్మ గుర్తుపట్టలేదు. ఏడాది కిందట నవ్వులాటకు అన్న మాటలు ఎవరికి గుర్తుంటాయి? నేను రాసుకున్నాను కాబట్టి నాకున్నాయి.

ఆ నెలలోనే నా కూతురికి కళ్లు ఎర్రబడ్డాయి. రెండేళ్లది. సేటు ఉచితంగా ఇచ్చిన సీసాలు నాలుగు మా గూట్లోనే ఉన్నాయి. ఒక్క చుక్క వేయనివ్వలేదు నేను. పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు పోయి లైనులో నిలబడ్డాను. గంట గడిచాక గేటు ముందు మైకు రిక్షా వచ్చి ఆగింది. "నా ముంగట ఇంకా ఇరవై మంది" అంటోంది మైకు. నా ముందున్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. మాట నిజమే కదా అన్నాడు ఒకాయన. ఇద్దరూ లైను వదిలి వెళ్లిపోయారు, ఒకాయన చేతిలో పిల్లవాడు కూడా ఉన్నాడు. నేను రెండడుగులు ముందుకు జరిగాను.

ఇది రాస్తుంటే ఒంటి మీద పురుగు పాకినట్టుంది. ముందుకు జరిగాను. వాళ్లను ఆపలేదు.

మరో పది రోజులకు, మధ్యాహ్నం వేళ కొమురమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఎడమ కంటిని కొంగుతో అదిమి పట్టుకుంది. తెగిన పోగు ఎగిరి కంట్లో కొట్టిందట, తెల్లారేసరికి ఎర్రబడిందట. రెండో చేతిలో సేటు సీసా ఉంది.

"తమ్మీ, గీ సీస మీద ఏం రాసిండ్లో జర సదివి చెప్పు," అంది.

"రోజుకు మూడుసార్లు, రెండేసి చుక్కలు," అని చదివాను.

"గంతేనా? మంచిదేనా మరి? నువ్వు సదువుకున్నోనివి, గందుకే నిన్ను అడుగుతాన."

నా వెనక కిటికీలో నా కూతురికి దవాఖానలో ఇచ్చిన మందు ఉంది. ఆమెకు కనపడకుండా కొంచెం పక్కకు జరిగాను. "నీకు ఎవలు చెప్పిండ్లక్కా?" అని అడిగాను.

"ఒకలు చెప్పుడేంది, మైకుల ఇంటలేవా? గామె చెప్తాంటె మనింట్ల కూసోని చెప్పినట్టే అనిపిచ్చింది. యాష్టకొచ్చింది అంటది సూడు, గా మాట ఇనంగనే నాకు నవ్వొచ్చింది. అబద్ధం చెప్పేటోళ్లు గట్ల మాట్లాడరు తమ్మీ."

"మంచిదే అక్కా. పోసుకో. ఏం ఫికర్ చెయ్యకు," అన్నాను.

"నువ్వన్నవంటె పానం నిమ్మలమైంది," అని వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. వద్దక్కా అంటే ఎందుకు వద్దని అడిగేది. నీకెట్లా తెలుసంటే ఆ షెడ్డు సంగతి చెప్పాలి, మైకు మాటలు నావని చెప్పాలి, నీవని చెప్పాలి. వాడలో పరువు పోతుందనే భయం ఒకటి. కానీ అదొక్కటే అయితే నన్ను నేను కొంత క్షమించుకునేవాణ్ణేమో. "అబద్ధం చెప్పేటోళ్లు గట్ల మాట్లాడరు" అన్నప్పుడు నా లోపల ఒకడు పొంగిపోయాడు. నా రాతకు అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు. ఒక మనిషి కన్ను నొప్పితో నా ముందు నిలబడి ఉంటే, నేను నా పనితనం చూసుకుని సంబరపడ్డాను. ఛీ.

వారం పైగా పోసుకుంది. నొప్పి తగ్గిందా అక్కా అని నేను అడగలేదు. ఆమె ఎదురైతే తప్పుకుని తిరిగాను. చివరికి తల పగిలిపోతోందని ఏడుస్తుంటే, ఆమె భర్త నేసిన జంపఖానాలు దుకాణాల్లో ఇచ్చిరావడానికి బయటికి పోయి ఉంటే, నేనే రిక్షాలో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు రెప్ప ఎత్తి చూసి, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు అని నా మీద కేకలేశాడు. నల్లగుడ్డు మీద పుండు పడిందట. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజుల్లో వస్తే మానిపోయేదట. చుక్కలు పోసుకున్న సార్ అంది కొమురమ్మ, తప్పు తనదే అయినట్టు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

పుండు మానింది కానీ కంట్లో పువ్వు పడింది. ఎడమ కన్ను పోయింది. రెండో కన్ను ఉంది కదా అంటారు. ఒంటి కంటితో పోగు అందదు. ఇక్కడుందనుకుని వేళ్లు పెడితే అక్కడుంటుంది. మగ్గం ముందు కూర్చుని గాలిలో వేళ్లు ఆడిస్తూ కొస కోసం వెతుక్కునేది. ఒకసారి నేను చూస్తున్నానని తెలిసి నవ్వి చేయి దించేసింది. కొన్నాళ్లకు పద్మను బడి మాన్పించి ఆ పనిలో కూర్చోబెట్టారు. తల్లి లైనులో నిలబడి కాపాడుకున్న ఆ కళ్లు అట్లా మగ్గం పాలయ్యాయి. ఆ పిల్ల బాగా చదివేది. మా అరుగు మీద కూర్చుని నా పేపరు గడగడా చదివి వినిపించేది.

ఇక అన్నిటికన్నా రోత పుట్టించే సంగతి. కొమురమ్మ వాడంతా నన్ను పొగిడింది. మా తమ్మి దవాఖానకు తీసుకపోయిండు గాబట్టి ఒక్క కన్నన్న మిగిలిందని, వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పండగకు సకినాలు చేస్తే ముందు మా ఇంటికి పంపేది. నేను తిన్నాను. కాదనడానికి ఏం చెప్పాలో తెలియక కాదు, తినడం సులువు కాబట్టి తిన్నాను.

పశ్చాత్తాపంతో రాయడం మానేశానని చెబితే బాగుంటుంది. మానలేదు. సబ్బులకు, చెప్పుల దుకాణాలకు, తొర్రూరు వైపు పురుగుమందులకు కూడా రాశాను. ఇంకో ఏడెనిమిదేళ్లు. ఇంటి మనిషి చెప్పినట్టు రాస్తాడని పేరు. ఎవరి ఇంటి మనిషి?

ఇప్పుడు కూడా ఏం చేస్తున్నానో చూస్తున్నారా? చిన్న చిన్న వాక్యాలు. మధ్యలో ఆగడాలు. చూశారా అని మిమ్మల్ని పలకరించడాలు. మీరు నన్ను నమ్మాలనే కదా ఇదంతా? ఈ విద్య నా వేళ్లలోకి ఎక్కిపోయింది, నిజం చెప్పడానికి కూర్చున్నా అదే వస్తుంది. అందుకే క్షమించమని మిమ్మల్ని అడగను. నేను అడిగితే బాగానే అడుగుతాను. మీరు కరిగిపోతారేమో. అది ఇంకో సీసా అమ్మినట్టవుతుంది.

కొమురమ్మ పోయి మూడేళ్లయింది. కబురు తెలిసినా నేను వెళ్లలేదు. ఆమె బతికి ఉండగా చెప్పలేకపోయాను, పోయాక రాస్తున్నాను. దీన్ని ధైర్యం అనకండి. పద్మ ఉంది. ఎక్కడో చోట ఇది ఆమె కంటపడితే, పేరు మార్చినా పోల్చుకుంటుంది. పోల్చుకోనీ. వాళ్లమ్మ ఎవరినీ లైను వదిలి పొమ్మనలేదని ఆ ఒక్క మనిషికైనా తెలియాలి.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ఎర్ర పెన్సిలు గీత వెలిసిపోయింది, కింద ఉన్న అక్షరాలు చక్కగా కనపడుతున్నాయి. ఆమె ఆ రోజు నల్లా దగ్గర, బిందె చంకన పెట్టుకుని అన్న మాట మొత్తం ఇది. ఇందులో నాదంటూ ఏమీ లేదు.

"పొద్దటిసంది నిలవడ్డ. కాళ్లు పీకినయి గని లైను కదలలే. నా ముంగట ఇంకా ఇరవై మంది. యాష్టకొచ్చి ఇంటికి పోదామనిపిచ్చింది. గని పోలే. బిడ్డ కండ్లు గదనే, లైను పెద్దగున్నదని ఇడిసిపెట్టి పోతమా? పొద్దుగూకినా సరే అని ఆడనే కూసున్న, డాక్టరు సూసినంకనే లేసిన."